ఏ లైను?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మా బ్యాచ్ వెధవలకు నమస్కారం. ఆ మాట మా బ్యాచ్‌వాళ్లు ఏమీ అనుకోరు. మమ్మల్ని అలా పిలిచే హక్కు సంపాదించుకున్నవాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు.

నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. కరెంటు ఇంజినీరును కాబట్టి కరెంటు గురించే మాట్లాడతానని కార్యవర్గం వారు కొంచెం భయపడినట్టున్నారు. ఏం మాట్లాడతావని మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ ఒకటే చెప్పాను. ఈ బడిలో నాకు ఒక పాత బాకీ ఉంది, అది తీర్చుకుని దిగిపోతాను అని. ఆ బాకీ మన ఇంగ్లీషు మాష్టారికి. ఎనభై దాటిన వయసులో, ఈ ఎండలో, మనవడి చెయ్యి పట్టుకుని వచ్చి కూర్చున్నారు. మాష్టారూ, మీకు గుర్తుండకపోవచ్చు. నాకు గుర్తుంది.

1982. నేను తొమ్మిదో తరగతి. ప్రార్థనకు రెండో గంట కొట్టాక నేనూ, స్టేషన్ మాస్టారి అబ్బాయీ గేటు సందులోంచి దూరి వచ్చాం. మా క్లాసు లైను చివర నిలబడితే దొరికిపోతామని పక్క క్లాసు లైన్లో మధ్యలో దూరాం. ఆ లైను మొత్తం పాములాగా మెలికలు తిరిగింది. పీటీ మాష్టారు ఈల వేశారు. ఆయన చేతికి చిక్కి ఉంటే రెండు దెబ్బలతో అయిపోయేది. మా దురదృష్టం, ఆ రోజు డ్యూటీ ఇంగ్లీషు మాష్టారిది.

ఆయన కొట్టలేదు. ఆయనెప్పుడూ కొట్టలేదు. “లైన్ తప్పారు కాబట్టి లైన్ మీదే రాసుకు రండి” అన్నారు. లైన్ అనే మాటకు ఎన్ని అర్థాలుంటే అన్ని వాక్యాలు. ఒక్కో వాక్యంలో ఒక్కో అర్థం. ముప్పైకి తగ్గకూడదు. వారం రోజులు గడువు.

ఇంగ్లండు బళ్లలో ఇంపోజిషన్‌నే లైన్లు అంటారని నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది. అంటే ఆయన మాకు లైన్ల మీద లైన్లు ఇచ్చారన్నమాట. ఆ చమత్కారం ఆ రోజు ఆయన ఒక్కరే అనుభవించి ఉంటారు.

డిక్షనరీ చూసి రాయొచ్చు కదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. బడి మొత్తానికి ఒకటే పెద్ద డిక్షనరీ ఉండేది. అది హెడ్మాష్టారి గదిలో బీరువాలో ఉండేది, బీరువా తాళంచెవి ఆయన జేబులో ఉండేది. కాబట్టి మేమిద్దరం ఊరు మీద పడ్డాం. చదువుకున్నవాడూ, చదువుకోనివాడూ అని చూడకుండా కనబడిన వాళ్లనల్లా “మీకు లైన్ అంటే ఏమిటి?” అని అడిగాం. ఇన్నేళ్ల తరవాత తలుచుకుంటే, నా చదువులో నేను చేసిన మొదటి ఫీల్డు వర్కు అదే అనిపిస్తుంది.

తాపీమేస్త్రి తన దారం చూపించాడు. ఈ మూల నుంచి ఆ మూలకు మేకులు కొట్టి బిగించి కట్టిన తెల్ల దారం. “దీన్ని పట్టుకుని ఇటుక పేర్చుకుంటూ పోతే గోడ లైన్లో వస్తది” అన్నాడు. దర్జీ జాకెట్టు లోపలి గుడ్డ తిప్పి చూపించి “లైనింగ్” అన్నాడు. అది లైన్ కాదు, లైనింగ్, లెక్కలోకి రాదని మేం వదిలేశాం. అది తప్పని తరవాత తెలిసింది, ఆ సంగతి చెబుతాను. పోస్టాఫీసులో ఫోను ఉండేది. ట్రంకు కాల్ బుక్ చేసి గంటలు గంటలు బెంచీ మీద కూర్చునేవాళ్లు. పోస్టుమాస్టారు “లైన్ కలవడం లేదు, లైన్ కలిసింది, లైన్లో ఉండండి, లైన్ తెగిపోయింది, ఇవి నాలుగూ రాసుకోండి” అన్నారు. నాలుగూ ఒకే అర్థం కదండీ అంటే “నాకు రోజూ నాలుగు వేరు వేరు గొడవలు నాయనా” అన్నారు.

మా బాబాయి వాళ్లు గుంటూరులో అరండల్‌పేటలో ఉండేవారు. గుంటూరులో వీధిని లైను అంటారు కదా, అడ్రసు చెప్పాలంటే ఎన్నో లైనో చెప్పాలి. బ్రాడీపేటలో అయితే లైను నంబరూ, అడ్డరోడ్డు నంబరూ కలిపి భిన్నం లాగా చెబుతారు. నాలుగు బై పద్నాలుగు అంటే ఆ ఊరివాడికి అడ్రసు, మాలాంటివాడికి లెక్క. అది ఒక వాక్యం అయింది. రేడియోలో క్రికెట్ కామెంటరీ వినే ఒక అన్న లైన్ అండ్ లెంగ్త్ చెప్పాడు. లెక్కల మాష్టారిని అడిగితే, గీతకు పొడవే కానీ వెడల్పు ఉండదు, అదే నిర్వచనం, రాసుకోండిరా అన్నారు. చెబుతూ బోర్డు మీద గీసి చూపించారు. ఆ సుద్దముక్క గీత అర అంగుళం వెడల్పుంది. అడిగే ధైర్యం మాకు లేదు.

ఇంకో అర్థం కూడా దొరికింది, పదో తరగతి అన్నల దగ్గర. దాన్ని వాళ్లు “లైన్ వేయడం” అనేవారు. ఆ వాక్యం మేం రాయలేదు. రాయకపోయినా ఆ అర్థం ఈ బడిలో బాగానే వాడుకలో ఉండేదనడానికి రుజువుగా, మా బ్యాచ్‌లోనే జరిగిన రెండు పెళ్లిళ్లకు నేను భోజనం చేశాను. రెండు జంటలూ ఇక్కడే ఉన్నారు. పేర్లు చెప్పను. పెద్దవాళ్లున్నారు.

అసలు నిధి స్టేషన్లో దొరికింది. మాది అప్పట్లో గుంటూరు-గుంతకల్లు మీటరు గేజి. ఒకటే పట్టాల వరస. వచ్చే బండికీ, పోయే బండికీ అదే దారి. మా వాడి నాన్నగారు మమ్మల్ని గదిలోకి తీసుకెళ్లి మెయిన్ లైను, లూపు లైను, సైడింగు అన్నీ చూపించారు. తరవాత గోడ పక్కన ఉన్న ఎర్ర పెట్టె లాంటి యంత్రం చూపించి, “ఇది అన్నిటికన్నా ముఖ్యం. దీన్ని లైన్ క్లియర్ అంటారు” అన్నారు. పక్క స్టేషన్ మాస్టరును గంట కొట్టి అడగాలి. రెండు స్టేషన్ల మధ్య పట్టాల మీద ఏ బండీ లేదని ఆయన ఒప్పుకుని ఇస్తేనే ఈ యంత్రంలోంచి టోకెన్ బయటికొస్తుంది. ఆ టోకెన్ని తోలు సంచీలో పెట్టి, పెద్ద రింగుకు తగిలించి డ్రైవరు చేతికి అందిస్తారు. అది చేతికి రాకుండా డ్రైవరు బండి కదపడు. “లైన్ క్లియర్ అంటే దారి ఖాళీ, బండి రావచ్చు అని” అన్నారాయన. నేను అది పద్నాలుగో వాక్యంగా రాశాను. మూడే మాటలు. లైన్ ఈజ్ క్లియర్.

ఇంటికొచ్చి రాత్రి లాంతరు పక్కన రాసుకుంటూ ఉంటే మా నాన్న అడిగాడు, ఏమిట్రా అని. మా నాన్న వానాకాలం చదువు. చెప్పాను. కాసేపు ఆలోచించి, “పొలంలో నాగలి పోయినదాన్ని ఏమంటావ్?” అన్నాడు. సాలు. “నాట్లు వేసేదాన్ని?” వరస. “గేదెలు ఒకదాని వెనక ఒకటి వస్తే?” బారు. “పెళ్లిలో విస్తళ్లు వేసి కూర్చోబెడితే?” బంతి. “నుదుటి మీద రాసింది?” రాత. “చేతిలో ఉన్నది?” గీత. “ఆ అమ్మాయి మనకు ఏమవుద్ది అంటే?” మళ్లీ వరస. ఇంతా అయ్యాక మా నాన్న అన్నమాట, “వీటన్నిటికీ ఇంగ్లీషువాళ్లకు ఒక్కటే మాటా? పాపం.”

నేను నవ్వాను. మా నాన్న నవ్వలేదు. నిజంగానే జాలిపడ్డాడు.

మొత్తం మీద పందొమ్మిది వాక్యాలు అయ్యాయి. స్టేషన్ మాస్టారి అబ్బాయి నావి చూసి రాసినవే పందొమ్మిది. నోటుబుక్కు ఇచ్చాం. మాష్టారు అన్నిటికీ ఎర్రసిరాతో టిక్కులు పెట్టారు. పద్నాలుగో వాక్యం దగ్గర మాత్రం టిక్కు పెట్టలేదు. చుట్టూ సున్నా చుట్టి, పక్కన తెలుగులో రాశారు: “ఏ లైను?”

క్లాసులో లేపి అడిగారు కూడా. “నువ్వు రాసింది చదివితే నాకు ఏం అర్థమవుతుంది? ఫోను లైనా, రైలు లైనా, సినిమా టిక్కెట్ల లైనా? ఎవరు ఎవరితో చెబుతున్నారు?” మీకు తెలుసు కదండీ, నేను స్టేషన్లో విన్నాను కదండీ అన్నాను. “నువ్వు స్టేషన్లో విన్నావు. నేను క్లాసులో చదువుతున్నాను. నీ మనసులో ఉన్న స్టేషన్ ఈ కాగితం మీద లేదు కదా” అన్నారు. మిగిలిన పదకొండు వాక్యాలు తరవాత తెమ్మన్నారు. తరవాత పరీక్షలు వచ్చాయి, సెలవులు వచ్చాయి. ఆయనా అడగలేదు, నేనూ ఇవ్వలేదు. ఆ పదకొండే బాకీ.

ఆ రోజే ఆయన ఇంకొకటి చెప్పారు. లైన్ అనే మాట లాటిన్లో అవిసె మొక్క పేరు నుంచి వచ్చిందట. ఇప్పుడు డాక్టర్లు పొడి కొట్టుకుని తినమంటున్న అవిసె గింజల మొక్కే. దాని నార తీసి వడికిన దారం లైను, ఆ దారంతో నేసిన గుడ్డ లినెన్. కోటు లోపల ఆ గుడ్డ వేసి కుట్టేవారు కాబట్టి లైనింగ్. అంటే మా దర్జీ చెప్పింది మేం కొట్టేసి ఉండకూడదు, వంశంలో అందరికన్నా పెద్దవాడు ఆయనే. దారం నుంచి తాడు, తాడు బిగిస్తే తిన్నని గీత, గీత నుంచి వరస, హద్దు, దారి, వంశం, తీగ, ఇలా పాకిపోయింది. మనకు కూడా ఇలాంటిది ఒకటి ఉందని అన్నారు మాష్టారు. సూత్రం. మొదట అది దారమే. మంగళసూత్రంలో ఇంకా దారమే. లెక్కల్లో ఫార్ములా అయింది, వ్యాకరణంలో నియమం అయింది, నాటకంలో సూత్రధారి అయింది. తాపీమేస్త్రి చేతిలో ఉన్నదే అన్నిటికీ మూలం.

బాకీ వాక్యాల్లో కొన్ని ఇప్పుడు అప్పచెబుతాను. అన్నిటి మీదా ఆగను.

నావికులు భూమధ్యరేఖను ఉత్తినే లైన్ అంటారు. సినిమావాళ్లు కథను లైన్ అంటారు, రెండు నిమిషాల్లో చెప్పగలిగితేనే. పెళ్లిచూపుల్లో “అబ్బాయి ఏ లైన్లో ఉన్నాడు?” అంటే ఉద్యోగం. మన బడి అసెంబ్లీలో లైను వేరు, 1913లో అమెరికాలో ఫోర్డు ఫ్యాక్టరీలో మొదలైన కదిలే అసెంబ్లీ లైను వేరు, అయితే పీటీ మాష్టారి ఉద్దేశంలో రెండిటికీ పెద్ద తేడా లేదు. హాట్‌లైన్ అంటే 1963లో వాషింగ్టన్‌కూ మాస్కోకూ మధ్య వేసినది. సినిమాల్లో ఎర్ర ఫోను చూపిస్తారు. నిజానికి అది ఫోను కాదు, టెలిప్రింటరు. మాటగా చెబితే అపార్థం వస్తుందని, రాతగా పంపాలనుకున్నారు. అణుబాంబులు పట్టుకుని కూర్చున్నవాళ్లు కూడా నోటిమాటను నమ్మలేదన్నమాట. ఈ సంగతి తెలిసిన రోజు నాకు మళ్లీ ఆ ఎర్రసిరా గుర్తొచ్చింది.

దేశాల మధ్య లైన్లున్నాయి. 1893 డ్యూరండ్ లైను, 1914 మెక్‌మహన్ లైను. 1947లో రాడ్‌క్లిఫ్ లైను గీసినాయన అంతకుముందు మన దేశం మొహం చూడలేదు. జులైలో దిగాడు, ఆగస్టు 17న ఆ గీత బయటపెట్టారు. మా లెక్కల మాష్టారి నిర్వచనం ప్రకారం దానికీ వెడల్పు లేదు. కానీ దానికి అటూ ఇటూ పోయిన ప్రాణాలు లక్షల్లో ఉన్నాయి.

డెడ్‌లైన్ అందరికీ తెలిసిందే. ఈ సావనీరుకు వ్యాసాలు ఇవ్వడానికి కార్యవర్గం వారు ఐదు డెడ్‌లైన్లు పెట్టారు. మనవాళ్లు ఐదూ దాటారు, ఎవరికీ ఏమీ కాలేదు. మొదట్లో అలా ఉండేది కాదు. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో, 1864 ప్రాంతాల్లో, ఆండర్సన్‌విల్ అనే చోట ఖైదీల శిబిరంలో గోడకు లోపలగా ఒక హద్దు పెట్టారు. దాన్ని దాటినవాణ్ని కావలివాళ్లు అక్కడికక్కడే కాల్చేసేవారు. అది డెడ్‌లైన్.

ఇక్కడ మా శాఖ సంగతి వస్తుంది. మాకు అన్నీ తలకిందులు. మాకు డెడ్ లైన్ అంటే కరెంటు లేని లైను, మనిషి ముట్టుకోగలిగినది. ప్రాణం ఉన్న లైనే ప్రాణం తీస్తుంది. మాకు లైన్ వోల్టేజి అంటే ఒకటి, ఫేజ్ వోల్టేజి అంటే ఒకటి. మీ వీధి తీగల్లో రెండు ఫేజుల మధ్య 415, ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 240. లెక్కల మాష్టారు చెప్పిన వెడల్పు లేని గీత మా దగ్గర కుదరదు. 11 కెవి తీగకూ ఇంటి గోడకూ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్ల ఎడం ఉండాలి. కాబట్టి మేడ మీద పిట్టగోడ ముందుకు జరుపుకునే ముందు దయచేసి మమ్మల్ని అడగండి. ఇది ప్రసంగంలో భాగం కాదు, విన్నపం.

అన్నిటికన్నా తలకిందులైనది లైన్ క్లియర్.

రైల్వేలో లైన్ క్లియర్ అంటే దారి ఖాళీగా ఉంది, బండి రావచ్చు. మా దగ్గర లైన్ క్లియర్ అంటే, ఎల్‌సీ అంటాం, కరెంటు రాకూడదు. స్తంభం ఎక్కాల్సిన మనిషి సబ్‌స్టేషన్ ఆపరేటరును ఎల్‌సీ అడుగుతాడు. ఆపరేటరు బ్రేకరు తీసి, స్విచ్ తీసి, రిజిస్టర్లో టైమూ, అడిగినవాడి పేరూ రాసి ఎల్‌సీ ఇస్తాడు. పని అయ్యాక తీసుకున్న మనిషే ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి, అంటే రిటర్న్ చేయాలి. అప్పుడు లైను ఛార్జ్ చేస్తారు. ఆ రెండు టైముల మధ్య కాలం ఒక మనిషి ప్రాణం ఆ రిజిస్టర్లో ఉంటుంది. మా స్టేషన్ మాస్టారికీ మా లైన్‌మన్‌కూ మాట ఒకటే. ఆయనకు అది రమ్మనడం, ఇతనికి రావద్దనడం.

ఇక మూడో అర్థం ఉంది. చెట్ల కొమ్మలు తీగల మీద పడితే వాటిని కొట్టి తప్పించడం. దాన్నీ మేం లైన్ క్లియర్ చేయడం అనే అంటాం.

1994 మే నెల. నేను ఉద్యోగంలో చేరి మూడేళ్లు. పల్లెటూరి సెక్షన్లో అసిస్టెంట్ ఇంజినీరును. సాయంత్రం ఈదురుగాలి వచ్చి ఒక 11 కెవి ఫీడరు పడిపోయింది. రెండు చోట్ల దెబ్బ తగిలింది. ఒక చోట చింతకొమ్మ విరిగి తీగల మీద పడింది. అక్కడ నేనూ, నలుగురు కుర్రాళ్లం. అక్కడికి మూడు కిలోమీటర్ల అవతల ఒక స్తంభం మీద పిన్ను ఇన్సులేటరు పగిలింది. అక్కడ మా పెద్ద లైన్‌మన్ ఉన్నాడు. యాభై దాటిన మనిషి. ఎల్‌సీ ఆయన పేరు మీదే ఉంది.

కొమ్మ కొట్టేశాం. చీకటి పడుతోంది. ఊళ్లో ఒక కొట్టులో ఫోను ఉంటే సబ్‌స్టేషన్‌కు చేశాను. పని అయిపోయిందన్న ఉత్సాహం. ఊరంతా చుట్టూ నిలబడి ఉన్నారు, కరెంటు ఎప్పుడని అడుగుతున్నారు. ఆపరేటరు ఎత్తగానే “లైన్ క్లియర్ అయిందండీ” అన్నాను. “క్లియరేనా సార్?” అన్నాడు. “క్లియర్, క్లియర్” అన్నాను. ఇంకో చోట ఎలా ఉందో కనుక్కోవాలని అనుకుంటూ ఉండగానే అవతల ఫోను పెట్టేశాడు.

నేను చెప్పింది చెట్టు గురించి. ఆయన విన్నది ఎల్‌సీ గురించి. ఏఈ గారు స్వయంగా ఎల్‌సీ రిటర్న్ చేశారని రిజిస్టర్లో రాసుకుని, ఫీడరు ఛార్జ్ చేశాడు.

ఆ లైన్‌మన్ ఎందుకు బతికాడో చెబుతాను. ఎల్‌సీ వచ్చిందని తెలిశాక కూడా, ఆయన స్తంభానికి అటూ ఇటూ మూడు తీగలకూ ఎర్త్ రాడ్లు తగిలించి, గొలుసు భూమిలో దిగేసిన తరవాతే పైకి ఎక్కేవాడు. కుర్ర హెల్పర్లు వెనక నవ్వుకునేవారు, ముసలాయన భయస్తుడని. పని పావుగంటలో అయ్యేదానికి ఆ రాడ్లకు ఇంకో పావుగంట ఏమిటని నేను కూడా విసుక్కున్న రోజులున్నాయి. ఆ రోజు కరెంటు వచ్చి, ఆ రాడ్ల మీదుగా భూమిలోకి పోయింది. సబ్‌స్టేషన్లో బ్రేకరు రెప్పపాటులో ట్రిప్ అయింది. ఆపరేటరు రెండోసారి వేయలేదు. పిడుగు పడినట్టు చప్పుడు, మెరుపు. ఆయన చేయి వదిలేశాడు. నడుముకు బెల్టు ఉంది కాబట్టి కింద పడలేదు, వేలాడుతూ స్తంభానికి కొట్టుకున్నాడు. భుజం ఎముక విరిగింది. మోచేతి దాకా చర్మం కమిలింది. రాడ్లు లేకపోతే ఏమయ్యేదో మీకు వివరంగా చెప్పను.

విచారణ వచ్చింది. సంజాయిషీ అడిగారు. ఈ ముక్క నేను ఇంతకుముందు ఏ సభలోనూ చెప్పలేదు. నా సంజాయిషీలో నేను ఒక్క అబద్ధం కూడా రాయలేదు. కొమ్మలు తొలగించిన సంగతి మాత్రమే ఫోన్లో చెప్పాననీ, ఎల్‌సీ నా పేరు మీద లేదనీ, దాన్ని రిటర్న్ చేసే అధికారం నాకు లేదనీ, తీసుకున్న మనిషితో మాట్లాడకుండా ఆపరేటరు ఛార్జ్ చేశాడనీ రాశాను. అన్నీ నిజాలే. చక్కటి ఇంగ్లీషులో రాశాను, ఈ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషులోనే. ఫోన్లో నేను అన్న మాటలు ఏమిటో మాత్రం రాయలేదు. “లైన్ క్లియర్ అయింది” అనే ఆ మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఆపరేటరుకు ఇంగ్లీషు అంతగా రాదు. ఆయన తెలుగులో నాలుగు ముక్కలు రాశాడు. ఆయనకు ఇంక్రిమెంటు ఆపారు. నాకు జాగ్రత్తగా ఉండమని ఒక మెమో వచ్చింది.

ఆస్పత్రికి వెళ్లాను. లైన్‌మన్ మంచం మీద కూర్చుని ఎడమ చేత్తో ఇడ్లీ తింటున్నాడు. జరిగిందంతా చెప్పి, తప్పెవరిదంటావు అని అడిగాను. నాది కాదు అంటాడని ఆశ. ఆయన కాసేపు ఇడ్లీ తిన్నాడు. తరవాత, “మీరు అన్నది అబద్ధం కాదు సార్. ఆయన విన్నదీ అబద్ధం కాదు. మాట తక్కువైంది” అన్నాడు. “ఏ లైనో అనుంటే సరిపోయేది” అన్నాడు.

మాష్టారూ, ఆయన మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు. ఐదో తరగతి కూడా చదవలేదు.

ఇంటికి వచ్చాక చాలా రోజులు ఆ నోటుబుక్కు కోసం వెతికాను. దొరకలేదు. మా అమ్మ ఎప్పుడో పాతకాగితాలవాడికి వేసేసింది. కానీ ఆ సున్నా ఎంత పెద్దదో, ఆ ఎర్రసిరా ఎక్కడ పాకిందో ఇప్పటికీ గీసి చూపించగలను.

ఏడాది తరవాత ఇంకో కాగితం రాసి పంపాను. ఫోన్లో నేను అన్న మాటలు ఇవీ, వాటిని విన్న ఎవరైనా ఎల్‌సీ రిటర్న్ అనే అనుకుంటారు, ఆపరేటరు అనుకోవడంలో తప్పు లేదు, అని. ఆ కాగితానికి జవాబు రాలేదు. ఇంక్రిమెంటూ తిరిగి రాలేదు. ఒక కాపీ ఆపరేటరు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. చదివించుకుని విన్నాడు. “ఇప్పుడెందుకు సార్ ఇది” అన్నాడు. వాళ్లావిడ మాత్రం ఆ కాగితం మడిచి దేవుడి పటం వెనక పెట్టింది. అది నాకు తిట్టు కన్నా ఎక్కువగా తగిలింది.

తెలుగులో మాట్లాడుకుంటూనే మేం ఈ ఇంగ్లీషు మాటలను ఎందుకింత ధైర్యంగా వాడతామా అని తరవాత చాలాసార్లు ఆలోచించాను. మా నాన్న లెక్కలో సాలు సాలే, బారు బారే, బంతి బంతే. ఏది అన్నా ఏదన్నదీ తెలిసిపోతుంది. ఇంగ్లీషువాడికి మాట ఒకటే అయినా, దానికి ముందొక మాటా వెనకొక మాటా చేర్చి వాక్యంలో పెట్టి వాడుకుంటాడు. మేం ఆ మాటను ఒక్కదాన్నే ఊడబెరుక్కుని తెచ్చుకున్నాం. ముందుదీ వెనకదీ అక్కడే వదిలేశాం. నేను ఇంగ్లీషుకు వ్యతిరేకిని కాదు, నా అన్నం అందులోనే ఉంది. మా హెల్పరు “కొమ్మలు కొట్టేశాం” అంటాడు. ఇంజినీరుగారు మాత్రమే “లైన్ క్లియర్” అంటాడు. ఆ సాయంత్రం హెల్పరు ఫోన్ చేసి ఉంటే ఏమీ జరిగేది కాదు.

అప్పటి నుంచి నేను పనిచేసిన ప్రతి సెక్షన్లోనూ ఒక పద్ధతి పెట్టాను. ఫోన్లో లైన్ అనే మాట ఒంటరిగా రాకూడదు. ఫీడరు పేరు చెప్పాలి. ఎల్‌సీ నంబరు చెప్పాలి. తీసుకున్న మనిషి పేరు చెప్పాలి. అవతలివాడు మొత్తం తిరిగి అప్పచెప్పాలి. కొమ్మల సంగతయితే కొమ్మలు అనే అనాలి. మొదట్లో అందరూ విసుక్కున్నారు. “సార్ దగ్గర పనంటే పాఠం అప్పచెప్పినట్టే” అని ఒకాయన అంటే నేను సంతోషించాను. ఎర్త్ రాడ్లు కట్టకుండా ఎక్కినవాణ్ని మాత్రం అదే రోజు పని నుంచి దించేసేవాణ్ని. తిట్లు తిన్నాను. ఇప్పటికీ తింటున్నాను.

ఆ లైన్‌మన్ తరవాత ఎనిమిదేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. రిటైరయిన రోజు దండలు వేసి, శాలువా కప్పి, ఏమైనా చెప్పమన్నారు. మైకు దగ్గరికి వచ్చి, “నా ఎర్త్ రాడ్లు స్టోర్లో అప్పచెప్పాను, రసీదు ఉంది” అని కూర్చున్నాడు. ఆయన ఇప్పుడు లేడు. చివరికి ఇంట్లోనే, నిద్రలో పోయాడు. మా వృత్తిలో ఆ వాక్యం ఎంత గొప్పదో మీకు తెలియదు.

మాష్టారూ, పదకొండు బాకీ ఉన్నాను. మధ్యలో నేను చెప్పినవి మీరు వేళ్లు మడిచి లెక్కపెడుతూ ఉండడం ఇక్కణ్నుంచి చూస్తూనే ఉన్నాను. ఎన్ని వచ్చాయో, ఎన్నిటికి సున్నా చుట్టారో తరవాత చెప్పండి. పద్నాలుగో వాక్యం మళ్లీ రాసుకొచ్చాను. కాగితం జేబులో ఉంది. ఇంగ్లీషులో ఇరవై మూడు మాటలు వచ్చింది. ఫీడరు పేరుతో సహా.

షామియానా పక్కన మన వంటల కమిటీవారు చెయ్యి ఊపుతున్నారు. విస్తళ్లు వేశారట. మొదటి బంతి గురువులకు. మిగిలినవాళ్లం దయచేసి లైన్లో వెళదాం. ఏ లైనంటారా? మగవాళ్లం అందరం ఎడమవైపు, నీళ్ల ట్యాంకు పక్కన ఉన్న లైను.